విశ్రాంతి మహిమ

మృగరాజు కొలువులో తామ్రచూడుడను కోడిపుంజు ఉండెను. వేకువనే కాక, కొలువు తీరినను, ముగిసినను, తుదకు రాజుగారు ఆవులించినను అదియే కూయవలెను. కూసి కూసి దాని గొంతు బొంగురుపోయెను. కూయలేని పుంజునకు దారి వంటశాలకేనని దానికి తెలియును.

"మంత్రివర్యా! నాలుగునాళ్లు మౌనముగా ఉండనిండు. లేకున్న నా గొంతు శాశ్వతముగా పోవును" అని నక్కను వేడుకొనెను.

నక్క కన్నులొత్తుకొనెను. "అయ్యో నాయనా! నీ గొంతుకంటె మాకేది ఎక్కువ? రేపే విశ్రాంతి మహిమను గూర్చి ఉపన్యసించెదను. అడవినంతటిని నీవే కూసి పిలువుము."

మరునాడు పుంజు మెడ చాచి, రెక్కలు కొట్టి, నోరు తెరచెను. ఎంత పెనుగులాడినను గాలి తప్ప కూత రాలేదు.

నక్క పొంగిపోయి రాజువైపు తిరిగెను. "చిత్తగించితిరా ప్రభూ! నేనింకను నోరు విప్పనేలేదు, వీడప్పుడే విశ్రమించుచున్నాడు!"