కుడిపక్క

"దీన్నేమంటారు నాన్నా?" ఎడంచేత్తో గుండీ ఎత్తి చూపిస్తూ అడిగింది పదకొండేళ్ళ కూతురు.

దర్జీ మిషన్ ఆపాడు. నిరుడు ఈ పిల్లే చొక్కాలకి కాజాలు కుట్టేది.

"గుండీ తల్లీ," అని లేచి, ఆమె కుడిపక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

ఫిట్స్ ఆగడానికి డాక్టర్లు పిల్ల మెదడులో ఎడమ సగం తీసేశారు. ఫిట్స్ ఆగాయి. కుడిచెయ్యి పడిపోయింది, కుడివైపు చూపు పోయింది, తెలిసిన మాటలు చాలా పోయాయి. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరికి ఏడుపొచ్చినా, నోరు నొక్కుకుని అటువెళ్ళి నిలబడతారు.

పిల్ల పళ్ళెంలో ఎడమవైపున్న గుండీలన్నీ ఏరి డబ్బాలో వేసింది. మిగతావి కనబడవని తల్లి ఎప్పటిలాగే పళ్ళెం తిప్పబోయింది.

"వద్దమ్మా. నేను తిరుగుతాగా."

మెల్లగా తల తిప్పి, మిగిలిన గుండీలు ఏరుకుంది. ఇంకాస్త తిప్పి తండ్రి మొహంలోకి చూసింది.

దర్జీ గబగబా కళ్ళు వత్తుకున్నాడు. "ఎప్పట్నుంచి చూస్తున్నావే?"

"చాలా రోజుల్నుంచి."

తర్వాతి మాటలు కూడగట్టుకోవడానికి ఆమెకి కాసేపు పట్టింది.

"తుడుద్దామంటే ఈ చెయ్యి అటు అందట్లేదు నాన్నా. ఇటొచ్చి ఏడువు."