విమానానికి చెంబెడు నీళ్లు

విమానాన్ని చంపడానికి చెంబెడు నీళ్లు చాలని ఓబుళరెడ్డికి తన బావి మీది ఆయిలింజనే నేర్పింది. ఆయిల్లో నీళ్లు కలిస్తే ఇంజను వెంటనే ఆగదు. కాసేపు బాగానే తిరుగుతుంది, తర్వాత దగ్గుతుంది, ఆ తర్వాత చస్తుంది. నేల మీద చస్తే మడి ఎండుతుంది. ఆకాశంలో చస్తే బావ పోతాడు.

బావంటే అక్క మొగుడు గంగిరెడ్డి. బనగానపల్లె చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన్ను విమానం రెడ్డి అంటాయి. ఇరవై రకాల విమానాలు నడిపి తీరాలని ఆయనకొక పిచ్చి. టైగర్ మాత్ అట, ఆస్టర్ అట, ఆ పేర్లకు ఓబుళరెడ్డి నోరు తిరిగేది కాదు. మద్రాసులోనో బొంబాయిలోనో ఎవరి విమానం దొరికితే వాళ్లది అద్దెకు తీసుకుని ఎగరడమే. ఇప్పటికి పదిహేడు రకాలయ్యాయి. ఒక్కో విమానానికి ఒక మామిడితోటో, నల్లరేగడి చెక్కో హరీమంది. కర్నూలు రాజధాని అయ్యాక మంత్రులు కూడా పిలిచి దండలు వేస్తున్నారు. హాల్లో గోడ నిండా ఫోటోలే. తోలు టోపీ, చెంపల దాకా కళ్లద్దాలు, మోకాళ్ల దాకా కోటు. ఆ హంగులో బావ ముఖం ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ ఫోటోలు చూసినప్పుడల్లా ఓబుళరెడ్డికి ఒళ్లు మండేది. కర్నూలు బస్సెక్కితే దారిపొడుగునా ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని కూర్చునే మనిషి ఈ బావ. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! అదేమని అడిగితే, నేల మీద తిప్పే కడుపు గాల్లో తిప్పదని జవాబు. పైగా ఎగిరే ముందు మౌనవ్రతమట, ఎవరూ పలకరించకూడదట, దగ్గరికి రాకూడదట.

గంగిరెడ్డికి పిల్లల్లేరు. ఆయన తర్వాత ఆస్తి అక్కది, అక్క తర్వాత ఓబుళరెడ్డి కొడుకు మద్దిలేటిది. ఒక్కగానొక్క కొడుకు, మద్రాసులో లా చదువుతున్నాడు. ఆ ఖర్చు కూడా బావే పెట్టుకుంటున్నాడు, అది వేరే సంగతి. పరీక్షలని చెప్పి సెలవులకు కూడా రాడు పాపం. వాడు ప్లీడరై తిరిగొచ్చేలోగా తోటలన్నీ గాలికెగిరిపోతే వాడు తినేదేమిటి? కొడుకు నోటికాడి కూడు కాపాడటం పాపమని ఓబుళరెడ్డికి తోచలేదు. తండ్రి బాధ్యత అనుకున్నాడు.

పద్దెనిమిదో రకం కడప మైదానంలో దిగింది. బొంబాయి సేటు ఒకాయన కొత్తగా కొన్న విమానం. పొద్దున్నే పెట్రోలు పోసి, అన్నీ సరిచూసి పెట్టారు. ఇక మిగిలింది దిష్టి తీయడం. కొత్త బండి వస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి టెంకాయ కొట్టడం ఆ ఇంట్లో బావమరిది పనే. పూజకు తెచ్చిన చెంబులో నీళ్లుంటే ఎవరు అనుమానిస్తారు?

"దిష్టి బాగా తియ్యప్పా, పైకి పోయేది ప్రాణం," అన్నాడు గంగిరెడ్డి.

"నువ్వు చెప్పాల్నా బావా?" అన్నాడు ఓబుళరెడ్డి, భక్తిగా.

బావ షెడ్డులోకి పోగానే, అగ్గిపెట్టె మరిచానని చెప్పి కాపలా ఉన్న దావీదురాజును అంగడికి పంపాడు. అతను తిరిగొచ్చేసరికి చెంబు ఖాళీ అయింది, పెట్రోలు మూత బిగించి ఉంది. ఓబుళరెడ్డి నిష్ఠగా హారతి ఇచ్చి, రెక్కకు కుంకుమబొట్టు పెట్టి, టెంకాయ కొట్టాడు. చక్కగా రెండు చెక్కలైంది. శుభమన్నారు చూడవచ్చిన జనం.

షెడ్డులోంచి టోపీ, కళ్లద్దాలు, కోటుతో మౌనంగా నడిచొచ్చి, జనానికి చెయ్యి ఊపి, మనిషి విమానమెక్కాడు. నిమ్మకాయలు చితికాయి. విమానం లేచింది.

జనంలో నిలబడితే సంతోషం ముఖం మీద కనబడుతుందేమోనని ఓబుళరెడ్డి షెడ్డు వెనక్కి నడిచాడు. ఏడుపు కూడా కొంచెం సాధన చేసుకోవాలి కదా. పైన ఇంజను ఒకసారి దగ్గింది. "అయ్యో బావా" అని మెల్లగా అని చూసుకున్నాడు. గొంతు బాగానే పలికింది.

"ఏంటికప్పా పిలుస్తాండావు?"

వెనక తలుపులోంచి గంగిరెడ్డి బయటికొచ్చాడు. ఒంటి మీద బనీను, ముక్కు దగ్గర నిమ్మకాయ.

ఓబుళరెడ్డి ఒకసారి బావను, ఒకసారి ఆకాశాన్ని చూశాడు. బావ ఇక్కడుంటే పైన ఉన్నదెవరని ఎట్లాగో అడిగాడు. గంగిరెడ్డి సిగ్గుపడుతూనే చెప్పాడు. మొదటిసారి మద్రాసులో ఎక్కినప్పుడే కక్కుకుని స్పృహ తప్పాడట. అప్పటికే ఊరంతా చాటింపు అయిపోయింది, పరువు పోతుంది. అందుకని ఎగరడమంటే ప్రాణం పెట్టే ఒకణ్ని పట్టి నేర్పించాడట. ఎగిరేది వాడు, పేరు తనకు. ఇరవై రకాలన్నది కూడా నిజానికి వాడి పంతమేనట.

ఓబుళరెడ్డికి అసహ్యం పుట్టింది. ఇంత పిరికివాణ్నా తాను చంపాలని ఇన్నాళ్లు తల బద్దలు కొట్టుకున్నది! పోనీలే, ఇవాళ పోయేది కూలికెగిరే ఎవడో మద్రాసువాడు. బావ సంగతి ఇంకోసారి చూడొచ్చు. ఖాళీ చెంబును కాలితో గడ్డిలోకి నెట్టాడు.

పైన ఇంజను మళ్లీ దగ్గి, ఆగిపోయింది. మైదానంలో జనం కేకలు పెట్టారు. గంగిరెడ్డి ఒక్కడే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మురిసిపోతూ చూస్తున్నాడు.

"భయపడాకప్పా, నీకు సూపిచ్చేకి కావాల్నే ఆపింటాడు. ఈ పొద్దు దిగినంక నీ కాళ్ల మీద పడి అంతా చెప్తానన్యాడు. లా కాలేజీ గడప గూడా తొక్కలేదు మన మద్దిలేటి."