రాముడి శాలువా

"సన్మానానికి రాముడి వేషంలోనే రావయ్యా, మొహిద్దీన్. మామూలుగా వస్తే బాగోదు," అన్నాడు నవమి పందిరి కమిటీ ప్రెసిడెంటు.

డెబ్బైనాలుగులో తిరువూరు నాటక సమాజానికి రాముడంటే మొహిద్దీనే. కిరీటం పెడితే జనం కాళ్లకు మొక్కేవాళ్లు. రంగు కడుక్కుంటే అదే పందిట్లో వెనక బెంచీ చూపించేవాళ్లు.

"అట్టాగేనండి," అన్నాడు మొహిద్దీన్.

సాయంత్రం నీలం రంగుతో, కిరీటంతో రాముడు వేదికెక్కాడు. ప్రెసిడెంటు శాలువా కప్పి, వంగి పాదాలకు మొక్కాడు. పందిరంతా చప్పట్లు.

"రెండు ముక్కలు మాట్లాడు, మొహిద్దీన్."

రాముడు కిరీటం తీసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. సమాజంలో రావణుడి వేషం కట్టే ఏడుకొండలు బయటపడ్డాడు.

"మొహిద్దీన్ అదిగో, ముందు వరసలో టోపీ పెట్టుకుని కూర్చున్నాడండి. మీరు మొక్కింది రావణుడికి." శాలువా తీసి ప్రెసిడెంటు చేతిలో పెట్టాడు. "ఇది అతనికి కప్పితే సరే. లేదంటే వచ్చే నవమికి మీకు రాముడూ లేడు, రావణుడూ లేడు."

ప్రెసిడెంటు శాలువా పట్టుకుని మెల్లగా వేదిక దిగాడు.

మొహిద్దీన్ కుర్చీలోంచి లేవలేదు. కప్పాలంటే ఆయన ఇంకోసారి వంగాల్సిందే.