తాటిబుర్రల బండికి దారి

వెన్ను మీద రాయి పడి వెనక కాళ్లు చచ్చుబడినప్పటి నుంచి చుక్కమ్మ అనే ముంగిస తాటిబుర్రలు చక్రాలుగా బిగించిన బండి మీద నడుం ఆనించి, ముందు కాళ్లతో లాక్కుంటూ తిరిగేది.

ఒకనాడు గవరయ్య అనే కొండముచ్చు వచ్చి, "అక్కా, సాయంత్రం గుట్ట కింద పికిలిపిట్ట పాట కచేరీ. ఈసారి నీ బండికి దారి వేశాం, తప్పకుండా రా" అన్నాడు.

చుక్కమ్మ అనుమానంగా చూసింది. "నిరుడూ ఇలాగే పిలిచారు. పొదల వెనకే ఆగిపోయి చప్పట్లు మాత్రం విన్నాను. ఆ దారి ఎవరు చూశారు?"

"నేనే చూశాను."

"ఎక్కణ్ణుంచి?"

గవరయ్య తల గోక్కున్నాడు. "చెట్టు మీంచి."

"అయితే దీని మీద ఓసారి వెళ్లిరా" అంటూ ఆమె బండిని అతని ముందుకు తోసింది.

గవరయ్య నవ్వుతూ ఎక్కాడు. కాళ్లు ముడుచుకుని, చేతులతో లాక్కుంటూ మలుపు దాకా వెళ్లాడు. అక్కడ అడ్డంగా ఉన్న వేరుకు బండి చక్రం తగిలి బోర్లాపడ్డాడు. లేచి దుమ్ము దులుపుకుని, ఆ వేరు తవ్వడం మొదలుపెట్టాడు.

సాయంత్రం చుక్కమ్మ మొదటి వరసలో కూర్చుని పాట వింది.

"ఇప్పుడైనా మమ్మల్ని నమ్ముతావా అక్కా?" అని అడిగాడు గవరయ్య.

"పాట బాగుంది గవరయ్యా" అంది చుక్కమ్మ. "వచ్చే ఏడు కూడా పిలిచే ముందు బండెక్కి చూడు."