వెనక చెక్క

పురానాపూల్ కాడ మనుషుల మీదనే కూలిన ఇంటి టేకు అది. తేవద్దని పెండ్లాం కొమురమ్మ ఎంత మొత్తుకున్నా వడ్రంగి ఓదెలు వినలేదు. దాంతోనే సొరుగుల పెట్టె చేసిండు.

పొద్దు గుంకినంక, కందిలి వెలుగుల పై సొరుగు లోపలికి నెట్టిండు. కింది సొరుగు మెల్లగ బయటికొచ్చింది. ఓదెలు మీసం దువ్విండు. సందు లేకుంట బిగిస్తే లోపలి గాలే గట్ల తోస్తది. మంచి పనికి అదే గుర్తు.

అంతల గోడకు ఆనించిన వెనక చెక్క కండ్లవడ్డది. దాన్ని ఇంకా పెట్టెకు కొట్టనేలేదు. పెట్టె వెనక బార్లా తెరిచే ఉంది. గాలి నిలిచే జాగనే లేదు.

కిందిది మూసి, పైది గుంజి మళ్ల నెట్టిండు. కిందిది మళ్ల వచ్చింది.

ఓదెలు వెనకకు జరగలేదు. చెక్క తెచ్చి పెట్టె వెనక ఆనించి, సుత్తె పట్టిండు.

"పోయేదుంటే ఇప్పుడే పో. ఉండేదుంటే నా పనిల బుద్ధిగ ఉండు."

కింది సొరుగు దానంతటదే లోపలికి పోయి మూసుకున్నది.

ఓదెలు మొదటి మేకు కొట్టిండు.