చీజ్ సాగినంతసేపు

"చెప్పకుండా నేను పోను. కన్నబిడ్డల దగ్గర దొంగదాని మాదిరి జారుకోవాల్నా నేను?"

ప్రొద్దుటూరులో ఆ పిజ్జా రెస్టారెంటు అద్దాల తలుపు బయటే ఖైరున్నీసా నిలబడిపోయింది. పిల్లలిద్దరూ అప్పటికే లోపలికి పరుగెత్తారు. పదకొండేళ్ల అఫ్సానా నాలుగేళ్ల తమ్ముడు ముదస్సిర్ చెయ్యి పట్టుకుని ఖాళీ బల్ల కోసం వెతుకుతోంది.

"గట్టిగా మాట్లాడాకు," అన్నాడు భర్త నూరుల్లా. "పోయినసారి కువైట్‌కు చెప్పే కదా పోయినావు. ఏమైంది? జమ్మలమడుగు బస్టాండులో అఫ్సానా నీ కొంగు ఇడిసిందా? నలుగురం పట్టి లాగితిమి. జరమొచ్చి ఎన్ని దినాలు అన్నం ముట్టలేదో నీకేం తెలుసు? అప్పుడు దానికి ముదస్సిర్ ఈడే."

"వానికి వద్దులే. అఫ్సానాకన్నా చెప్తా. అది అర్థం చేసుకుంటాది."

"అది ఏడుస్తాది. అది ఏడిస్తే వాడూ ఏడుస్తాడు. రేపు నేను నిదానంగా చెప్పుకుంటాలే."

రోడ్డుకు అవతల ఏజెంటు హబీబుల్లా కారు ఆగి ఉంది. మద్రాసులో విమానం ఎక్కాల్సిన ఆడవాళ్లు ఇంకో ఇద్దరు అందులో కూర్చుని ఉన్నారు. పిల్లలు నిద్రలో ఉన్నారు కదా అని ఖైరున్నీసా పెట్టెను తెల్లారకముందే ఆ కారు డిక్కీలోకి చేర్చారు.

"ఆ వీసా నాకొచ్చింటే నేనే పోయేవాణ్ని," అన్నాడు నూరుల్లా గొంతు తగ్గించి. "ఇండ్లల్లో పనికని ఆడోళ్లనే పిలుస్తాండారు. నేనేం జేసేది చెప్పు?"

ఖైరున్నీసా కొంగుతో కళ్లు తుడుచుకుని తలుపు తోసింది.

"చీజ్ శానా వేసి, మొక్కజొన్న గింజలది. పెద్దది," అఫ్సానాయే ఆర్డరు చెప్పింది. ఏడాదిగా ఇంట్లో ఆ పిల్లది ఇదే పాట. ఎప్పుడడిగినా రేపు, మాపు అనే నాయన ఈరోజు తనంతట తనే బస్సెక్కించి తీసుకొచ్చాడు.

పిజ్జా వచ్చింది. ముదస్సిర్ కుర్చీ మీదికెక్కి చప్పట్లు కొట్టాడు. మొదటి ముక్క కొరికి చెయ్యి దూరంగా లాగితే చీజ్ వాడి పెదాల నుంచి బల్లదాకా తీగలా సాగింది. వాడు కిలకిలా నవ్వాడు. వాణ్ణి చూసి ఖైరున్నీసా నవ్వింది. నూరుల్లా కూడా నవ్వాడు. ఒక్క నిమిషం అతనికి తాము ఎందుకొచ్చారో గుర్తే లేదు.

"నాయనా, రోజూ వస్తామా ఈడికి?" అన్నాడు ముదస్సిర్.

నూరుల్లా నవ్వు ఆగిపోయింది.

అఫ్సానా ఒక ముక్క తీసి తల్లి ముందు పెట్టింది. "తినమ్మా."

"మీరు తినండి. నాకు ఆకలి లేదు."

"అట్లంటే కుదరదు. తినాల. అంతా తినాల."

ఖైరున్నీసా తినేదాకా ఆ పిల్ల ఊరుకోలేదు. ప్రతి ముద్దా కష్టంగా మింగింది ఆమె.

నూరుల్లా జేబులో ఫోను మోగింది. హబీబుల్లా. అతను భార్యవైపు చూశాడు. ఆమె కొంగుతో ముదస్సిర్ మూతి తుడిచింది. మూతి శుభ్రమైపోయినా తుడుస్తూనే ఉంది. ముద్దు పెట్టుకోబోయి, నూరుల్లా దగ్గేసరికి ఆగిపోయింది.

"చెయ్యి కడుక్కోనొస్తా," అంటూ లేచి అఫ్సానా తల నిమిరింది.

"ఊ," అంది అఫ్సానా. ప్లేటులోంచి తల ఎత్తనే లేదు.

ఖైరున్నీసా ముఖం ఒక్కసారిగా వాడిపోవడం నూరుల్లా చూశాడు. తిండి ముందు కన్నతల్లి కూడా కనపడటం లేదు ఈ పిల్లకు, అనుకున్నాడు. అదీ మంచికేలే అని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అమ్మ యాడ?" అంటూ ముదస్సిర్ అద్దాలవైపు తిరగబోయాడు.

"ఒరే, నాకంటే పొడుగ్గా సాగదీస్తావా? ఏదీ, సూస్తాం!" అఫ్సానా తన ముక్క వాడి చేతికిచ్చి, వాణ్ణి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. వాడు పందేనికి దిగాడు. గెలిచాడు. మళ్లీ కావాలన్నాడు.

పిల్లల తలల మీదుగా నూరుల్లా బయటికి చూశాడు. ఖైరున్నీసా ఆటోలను తప్పించుకుంటూ రోడ్డు దాటింది. కారు తలుపు పట్టుకుని వెనక్కి తిరిగింది. అద్దాలకు ఇవతల ఎవరైనా తనవైపు చూస్తున్నారేమోనని వెతికింది. హబీబుల్లా ఏదో అన్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ఎదురుగా బస్సు అడ్డం రావడంతో కారు కదల్లేక అక్కడే నిలిచింది.

ముదస్సిర్ పకపకా నవ్వుతున్నాడు. వాడితోపాటు అఫ్సానా ఇంకా గట్టిగా నవ్వుతోంది. ఆ నవ్వు వింటుంటే నూరుల్లాకు కోపం ముంచుకొచ్చింది. ఇంత ఎదిగిన ఆడపిల్ల! వాళ్లమ్మ లేచి వెళ్లి ఇంతసేపైంది, ఒక్కసారన్నా యాడుందని అడిగిందా? రేపు దీనికి చెప్పినా ఏడుస్తుందని నమ్మకమేముంది?

బస్సు తప్పుకుంది. కారు కదిలి వెళ్లిపోయింది.

"ఇంగ చాలు, లేయండి," అన్నాడు కసిరినట్టుగా.

అఫ్సానా లేవలేదు. ఒళ్లో ఉన్న తమ్ముడి నోటికి ఇంకో ముక్క అందించి, నాయన చెవి దగ్గరికి వంగి గుసగుసగా అడిగింది.

"అమ్మ కారు మలుపు తిరిగిందా నాయనా? ఇంగ వీన్ని అటుపక్క సూడనీనా?"