ఒక్క ఊపులో

కాళ్లు పడిపోయిన భార్యను ముసలాయన మంచం మీంచి ఒక్క ఊపులో ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు.

మూడు నెలల కిందట ఇలాగే ఎత్తబోయి ఇద్దరూ నేలమీద పడ్డారు. ఇంకోసారి పడితే అమ్మను వృద్ధాశ్రమంలో చేరుస్తానని కూతురు తెగేసి చెప్పింది. అప్పట్నుంచి ఆయన ఆ మంచం పక్కనే వ్యాయామం చేసే సైకిలు వేసుకుని, రోజూ అరగంట చెమటలు కక్కుతూ తొక్కుతున్నాడు.

"చూశావా? వయసుతో కరిగిపోయిన కండ మళ్లీ పట్టింది!"

"చాల్లెండి బడాయి," అని నవ్వి, ఆమె మెతుకు మిగల్చని పళ్లెం అందించింది.

అదే హుషారులో ఆమె స్నానానికని తాను నింపిన నీళ్ల బకెట్ పట్టుకున్నాడు. అది నేల వదల్లేదు. రెండు చేతులూ వేశాడు. మూడు నెలల కిందటిలాగే, ఇప్పుడూ బకెట్ లేవలేదు.

మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆమె నైటీ భుజాల మీంచి జారిపోతోంది. కిటికీ గట్టు మీద వీధి పిల్లి, కదల్లేనంత బలిసి, మూతి నాక్కుంటోంది.

దాన్ని తరమడానికి చెయ్యెత్తాడు.

"వద్దండీ," అందామె. "మనం ఒకచోట ఉండాలంటే నా అన్నం అదే తినాలి."

ఎత్తిన చెయ్యి దించేసి, ఆయన మళ్లీ సైకిలెక్కాడు.